పచ్చ చెరువులో పాటించవలసిన యాజమాన్య పద్ధతులు

చెరువు నీరు పచ్చబడిందా? అభినందనలు. ఆకివీడులో గానీ కైకలూరులో గానీ ఏ గట్టు మీద అడిగినా ఒకటే మాట చెబుతారు: తేటనీళ్ల చెరువు దరిద్రపు చెరువు. పచ్చనీరంటే ప్లాంక్టాన్, ప్లాంక్టాన్ అంటే చేపకు కానీ ఖర్చు లేని మేత. అక్కడిదాకా శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. అక్కడి నుంచి మనం ఒక్క అడుగు ముందుకు వేద్దాం. లేత పచ్చ మంచిదైతే ముదురు పచ్చ మరీ మంచిది. ఆ ముదురు పచ్చ మీద, గాలివాటు మూలలో రంగు డబ్బా ఒలకబోసినట్టు పొర కట్టిందంటే చెరువు పండినట్టే. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఈ కింది పద్ధతులు పాటించిన వారి చెరువులు చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి, పగటిపూట.

చెరువును ఎప్పుడూ పగలే చూడాలి. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి. టిఫిన్ చేసి పదింటికి బయల్దేరితే పదిన్నరకు గట్టెక్కుతారు. అప్పటికి ఎండ పడి నాచు తన పని మొదలుపెట్టి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి మీటరు ముంచితే ఆక్సిజన్ లీటరుకు పదిహేను మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది. గాలితో కలిసిన మామూలు నీటిలో మన వేసవికి ఎనిమిది కూడా ఉండదు. అంటే ప్రకృతి మీకు రెట్టింపు ఇస్తోంది. ఇంత సంపద పెట్టుకుని ఏరేటర్లకు కరెంటు బిల్లు ఎందుకు కట్టాలి?

కొందరు రాత్రి సంగతి ఎత్తుతారు. పగలు ఆక్సిజన్ వదిలిన నాచే, పొద్దుగూకాక అదే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, పొర ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ పీలుస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికి చెరువులో ఆక్సిజన్ అడుగంటిపోతుంది అంటారు. మూడు మిల్లీగ్రాముల కిందికి దిగితే చేప నీరసిస్తుందనీ, ఒకటి దగ్గరకొస్తే బతకదనీ భయపెడతారు. వీళ్ల మాటలు విని నాలుగింటికి అలారం పెట్టుకోకండి. ఆ వేళ కాపలా కుర్రాడు ఫోన్ చేసి, "అయ్యగారండీ, బొచ్చెలు తలలెత్తేసి నోళ్లు తెరుస్తున్నాయండి" అంటే, "ఎండెక్కితే అవే దిగుతాయిలేరా, పడుకో" అనండి. నిజంగానే దిగుతాయి. ఎనిమిదింటికల్లా నీటి మీద ఒక్క తల కనబడదు. కుర్రాడికి నిద్రమత్తులో చూపు సరిగా ఆనలేదని రుజువైనట్టే. రాత్రంతా ఊపిరాడని చేప మర్నాడు మేత తినదు, ఒంటి మీది జిగురు పలచబడుతుంది, పేను పడుతుంది, పుండు పడుతుంది. అవన్నీ వేరే జబ్బులు. వాటికి వేరే మందులున్నాయి.

ఏరేటర్లు ఉన్నవాళ్లు వాటిని మిట్టమధ్యాహ్నం తిప్పండి. నీళ్లు ఎగరడం బాగా కనిపిస్తుంది, చుట్టాలొచ్చినప్పుడు మరీ బాగుంటుంది.

ఏ నాచు పట్టిందో తెలుసుకోవాలన్న కుతూహలం కొందరికి ఉంటుంది. దాన్ని మొదట్లోనే తుంచెయ్యండి. గాజు సీసాలో చెరువు నీళ్లు పట్టి, కదపకుండా కొన్ని గంటలు ఉంచితే, మంచి పచ్చనాచు నీళ్లలో కలిసి ఉండటమో అడుక్కి దిగడమో చేస్తుంది, మైక్రోసిస్టిస్ లాంటిది మాత్రం పైకి తేలి మెడ దగ్గర పట్టీ కడుతుంది. ఖర్చు లేని పరీక్ష. అందుకే ప్రమాదకరం, ఎవరైనా చేసేస్తారు. ఆ పైకి తేలేది అసలు నాచు కాదు, సయానోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి. దాని కణాల లోపల గాలి సంచులుంటాయి, వాటి బలంతో ఎండ ఉన్న చోటికి ఎక్కుతుంది, కావలసినప్పుడు కిందికి దిగుతుంది. జిగురులో వందల కణాలు ముద్దకట్టి ఉంటాయి కాబట్టి నీటిలోని చిన్న పురుగులు దాన్ని మింగలేవు. ఆ పురుగులు లేకపోతే బొచ్చెకు తిండి లేదు, ఎందుకంటే బొచ్చె తినేది ముఖ్యంగా వాటినే. సిల్వర్ కార్ప్ మింగగలదు గానీ పూర్తిగా అరిగించుకోలేదు. కొన్ని ముద్దలు పేగులోంచి ప్రాణాలతో బయటపడి మళ్లీ పెరుగుతాయి. ఖర్చు లేని మేత అని మొదట్లో అన్నాం కదా. మేతే, తిన్నా అరగని మేత.

నీటి చిక్కదనం కొలవడానికి సెచ్చి పళ్లెం అని ఒకటుంది. నలుపు తెలుపు రంగులు వేసిన ఇరవై సెంటీమీటర్ల పళ్లేన్ని తాడు కట్టి నీటిలోకి దించి, ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూస్తారు. ఆంజెలో సెచ్చి అనే ఇటలీ మతగురువు 1865లో పోపు గారి ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి దించి చూశాడు. ఓడా, పోపూ ఉన్నవాళ్లకు అలాంటివి చెల్లుతాయి. మన రైతు మోచేతి దాకా చెయ్యి ముంచి అరచెయ్యి కనబడుతుందా అని చూస్తాడు, అదీ దాదాపు అదే లెక్క. పాతిక నుంచి నలభై సెంటీమీటర్ల దాకా కనబడితే సరిపోతుందంటారు. మణికట్టు ముంచగానే వేళ్లు మాయమయ్యాయంటే ఏం చెయ్యాలి? చొక్కా చెయ్యి తడిసింది కాబట్టి మార్చుకోవాలి.

ఇక మేత. నీరు చిక్కబడితే చేప తిండి తగ్గిస్తుంది. తాళ్లకు వేలాడదీసిన చిల్లుల సంచుల్లో తవుడూ చెక్కా సాయంత్రానికి కూడా మిగిలే ఉంటాయి. దీనికి రెండు అర్థాలున్నాయి. చేపకు ఒంట్లో బాగాలేదన్నది ఒకటి. మేత రుచిగా లేదన్నది రెండోది. రెండోదే తీసుకోండి. వేరుశనగ చెక్క పాలు పెంచండి, సంచులు పెంచండి. మేతలోని నత్రజని, భాస్వరంలో చేప ఒంటికి పట్టేది తక్కువ, ఎక్కువ భాగం నీళ్లలోకే పోతుంది. అంటే మీరు కొన్న మేతలో పెద్ద వాటా నాచుకు వెళుతోంది. అతిథిని ఆకలితో ఉంచే ఆచారం మనకు లేదు కాబట్టి, సరిపోలేదనిపిస్తే కోళ్ల ఎరువు ఒక లారీ తోలించి, పైన సూపర్ ఫాస్ఫేట్ చల్లండి. యూరియా ఆపేస్తే నాచు మాడిపోతుందని ఎవరైనా అంటే నవ్వండి. అనబీనా అనే సయానోబ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని తనే పట్టుకుంటుంది. దానికి కావలసిందల్లా భాస్వరం, అది మనం ఇచ్చేశాం.

సున్నం గురించి ఒక్క మాట. సున్నం మంచిదే కాబట్టి ఎప్పుడు చల్లినా మంచిదే అనుకోవాలి. నాచు పగలు నీటిలోని బొగ్గుపులుసు వాయువును తినేయడంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటుతుంది. సరిగ్గా అప్పుడు సున్నం బస్తాలు కోయండి. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 9 దగ్గర నలభై పాళ్లు ఉంటుంది. అమ్మోనియా పెరగలేదు, కిట్‌లో అంకె మారలేదు, చేప మొప్పలు మాత్రం కమిలిపోయాయి. మందుల షాపులో దీనికి జియోలైట్ ఇస్తారు.

ఇన్ని చేసినా నాచు పెరుగుతూనే ఉంటే మైలుతుత్తం ఉంది. ఇక్కడ తొందరే మన ఆయుధం. క్షారత పరీక్ష చేసి, వచ్చిన అంకెను వందతో భాగించి, లీటరుకు అన్ని మిల్లీగ్రాములే వాడాలని పుస్తకాల్లో ఉంటుంది. క్షారత 150 అయితే ఒకటిన్నర. ఎకరం చెరువులో మీటరు లోతు నీటికి ఆరు కిలోలు. క్షారత 50 కంటే తక్కువుంటే అసలు ముట్టుకోవద్దనీ, చెరువంతా ఒకేసారి కాక కొంత కొంతగా, ఎండ ఉన్న ఉదయం పూట, ఏరేటర్లు దగ్గర పెట్టుకుని వెయ్యాలనీ అంటారు. ఇదంతా చదివేసరికి నాచు ఇంకో రోజు బతికేస్తుంది. మీరు ఒక మబ్బు పట్టిన సాయంత్రం చూసుకుని, పక్క చెరువాయన ఎంత వేశాడో కనుక్కుని, అంతకు ఇంకో బస్తా కలిపి, పడవ మీద తిరుగుతూ చెరువంతా చల్లించండి.

మర్నాడు నీరు తేటబడుతుంది. ఈ ఆనందాన్ని తక్కువగా చూడకండి. నాచు బతికున్నంతకాలం దాని విషంలో ఎక్కువ భాగం కణం లోపలే ఉంటుంది. మైలుతుత్తం ఆ కణాన్ని పగలగొడుతుంది. లోపలున్నది ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది. దానికి రంగు లేదు, మీకు కనబడదు. చచ్చిన నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్‌ను తాగేస్తుంది, అదీ కనబడదు. ఈ పద్ధతిని మనకంటే ముందే పాటించినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన పామ్ ఐలాండ్ అనే దీవి ఉంది. అక్కడ 1979లో సోలమన్ డ్యామ్ తాగునీటిలో నాచు పెరిగిందని మైలుతుత్తం వేశారు. నీళ్లు బాగుపడ్డాయి. కొద్ది రోజులకు దాదాపు 150 మంది, ఎక్కువగా పిల్లలు, కాలేయం వాచి, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. కారణం తేలేదాకా దాన్ని వింత రోగం అనే పిలిచారు. నాచును ఊరికే వదిలేసినా ప్రమాదమే, కానీ అది ఆ ఏడాది ఆ పిల్లల మీదికి అలా వచ్చిపడింది మాత్రం దాన్ని చంపిన తర్వాతే.

మైలుతుత్తం కొనే స్తోమత లేనివాళ్లు నిరాశపడొద్దు. వాయుగుండం ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. వారం ఎండలు కాసి, ఉన్నట్టుండి రెండు రోజులు ముసురు పట్టి నీరు చల్లబడితే నాచు తనంతట తానే కూలిపోతుంది. 2019 జనవరిలో ఆస్ట్రేలియా డార్లింగ్ నది మీద మెనిండీ దగ్గర జరిగింది దాదాపు ఇలాంటిదే. కరవుకు నది మడుగులుగా మిగిలి, వాటి నిండా నాచు పట్టి, ఎండలు మండి, హఠాత్తుగా చల్లగాలి వచ్చింది. లక్షల చేపలు తేలాయి. వాటిలో దశాబ్దాల వయసున్న మర్రే కాడ్ చేపలూ ఉన్నాయి. ఎన్నో కరవులు దాటొచ్చిన చేపలవి. మన దగ్గర రేడియోలో వాయుగుండం వార్త చెప్పగానే మేత ఆపి ఏరేటర్లకు డీజిల్ తెచ్చుకునే పిరికివాళ్లున్నారు. మీరు అలా చెయ్యకండి, మబ్బు రోజు చల్లగా ఉంటుంది కదా అని మేత ఇంకో సంచి కట్టండి.

చేపను కోసి చూడొద్దు. ఎందుకంటే కోస్తే కాలేయం కనబడుతుంది. మైక్రోసిస్టిన్ అనే విషం నేరుగా అక్కడికే వెళ్తుంది. పిత్తలవణాలను కాలేయ కణంలోకి తీసుకెళ్లే ద్వారాలు ఉంటాయి, ఇది ఆ ద్వారాల్లోంచి తన ఇంటికి వెళ్లినట్టు వెళ్లిపోతుంది. లోపల ఫాస్ఫటేజ్ అనే ఎంజైములను పట్టేసుకుంటుంది. దాంతో కణం ఆకారాన్ని నిలబెట్టే లోపలి పోగులు చెదిరిపోతాయి, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, కాలేయంలోనే రక్తం చిమ్ముతుంది. మోతాదు ఎక్కువైతే చేప త్వరగా చస్తుంది. తక్కువైతే చావదు, అదే అసలు చిక్కు. మూత్రపిండాలు, మొప్పలు కూడా దెబ్బతిని, ఒంట్లో ఉప్పు నీటి లెక్క తప్పి, కొన్నింటికి పొట్ట ఉబ్బుతుంది. ఎదుగుదల ఆగుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఏమీ చెయ్యలేని ఏరోమోనాస్ బ్యాక్టీరియా అప్పుడు పని మొదలుపెడుతుంది. మీకు పైకి కనబడేది అది తెచ్చే ఎర్ర మచ్చలే కాబట్టి వాటికి యాంటీబయాటిక్ కొట్టండి. తగ్గకపోతే లివర్ టానిక్. కన్సల్టెంటు గారు మూడో మందు చెబుతారు, అది నాలుగోదానితో కలిపి ఇస్తేనే పనిచేస్తుంది. నీరు మార్చమన్నందుకు, మేత ఆపమన్నందుకు ఎవరూ బిల్లు వెయ్యలేరు, అందుకే ఆ సలహా మీకు షాపులో దొరకదు.

నీరు పచ్చగా లేకపోతే భయమే లేదని కూడా గుర్తుంచుకోండి. 2022 వేసవిలో పోలండ్, జర్మనీల మధ్య పారే ఓడర్ నదిలో వందల టన్నుల చేపలు చచ్చాయి. గనుల నుంచి వదిలిన ఉప్పునీరు, తగ్గిన ప్రవాహం, ఎండ కలిసి ప్రిమ్నీసియం అనే బంగారు రంగు నాచును పెంచాయి. అది మామూలుగా ఉప్పు తగిలిన నీటిలో ఉండేది, మంచినీటి నదిలోకి వచ్చింది. దాని విషానికి గురి మొప్పలే. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు పక్క కాలవలోకి వదిలేవారికి ఈ సంగతి చెప్పకండి, నొచ్చుకుంటారు.

పట్టుబడి దగ్గరికొద్దాం. చేపలో మట్టి వాసన వస్తోందని ఏజెంటు ధర తగ్గిస్తాడు. అది జియోస్మిన్ అనే పదార్థం. నాచులో కొన్ని జాతులు, అడుగు మట్టిలోని కొన్ని బ్యాక్టీరియా దాన్ని చేస్తాయి. లీటరు నీటిలో ఒక గ్రాములో వంద కోట్లో వంతులు ఒక పది ఉన్నా మనిషి ముక్కు పసిగట్టేస్తుంది. చేపను కొన్ని రోజులు మేత లేకుండా పారే మంచినీటిలో ఉంచితే వాసన పోతుంది. బరువు కూడా కొంచెం పోతుంది, అందుకని ఆ పని వద్దు. పైగా మన పులుసు ఉంది. జియోస్మిన్‌కు పులుపు పడదు, చింతపండుకు విరిగిపోతుంది. ఆ రసాయనం పేరు తెలియకుండానే గోదావరి ఆడవాళ్లు దాని విరుగుడు కనిపెట్టేశారు. నిజానికి జియోస్మిన్ విషం కాదు, ముక్కుకు మాత్రమే శత్రువు. విషమైన మైక్రోసిస్టిన్‌కు వాసన లేదు, అది చింతపండుకూ లొంగదు, మరిగించినా చెదరదు. కాబట్టి వాసన లేదంటే చేప మంచిదేనన్న మన సూత్రం వదలకండి.

విషం కండలో కంటే కాలేయంలో, పేగుల్లో ఎక్కువ చేరుతుంది. శుభ్రంగా కడుపు తీసి కడిగితే చాలా వరకు పోతుంది. అయితే మన చేప ఐసు పెట్టెల్లో హౌరా దాకా వెళ్తుంది. అక్కడి బెంగాలీలు బొచ్చె పేగుల కొవ్వును కూడా వదలరు, వేయించుకునీ, వడలు చేసుకునీ ఇష్టంగా తింటారు. లారీ ఎక్కించే ముందు ఈ విషయం ఆలోచించడం వ్యాపార లక్షణం కాదు.

వేసవిలో కాలువలు కట్టేశాక ఊరి మంచినీటి చెరువు కూడా ఇలాగే పచ్చబడుతుంది. అప్పుడు కాచి తాగమని చాటింపు వేయించండి. కాస్తే క్రిములు చస్తాయి, నీరు ఆవిరవుతుంది, విషం మిగిలిన నీటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. అమెరికాలో టొలీడో నగరంలో 2014 ఆగస్టులో ఇదే వచ్చి, కాచి కూడా తాగొద్దని లక్షల మందికి చెప్పారు. వాళ్లకు మన చాటింపు తెలియదు. గేదెల సంగతి అంటారా, అవి ఆ పొర చివర నుంచే తాగుతాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు పొర తాగి పశువులు చచ్చాయని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే 'నేచర్' పత్రికకు రాశాడు. మరీ పాత వార్త కాబట్టి పక్కన పెట్టొచ్చు.

చేపలు తేలిపోయిన రోజు ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. తూము ఎత్తి ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి వదలండి. డ్రెయిన్ కొల్లేరులోకి, కొల్లేరు ఉప్పుటేరులోకి, ఉప్పుటేరు సముద్రంలోకి పోతాయి. మధ్యలో ఇంకో రైతు మోటారు పెట్టి తోడుకుంటే అది ఆయన తొందర. అడుగు బురద తీయించడం, నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టడం శుద్ధ దండగ. లీజు గడుస్తోంది. ఆ బురదలో భాస్వరమూ ఉంది, చలికాలం అడుగున పడుకున్న మైక్రోసిస్టిస్ కూడా ఉంది. కొత్త పంటకు విత్తనం ఎక్కడ కొనాలో వెతుక్కోనక్కర్లేదు.

ఇంట్లో చదువుకున్న పిల్ల ఉంటే, "ల్యాబుకు పంపుదాం నాన్నా, ఎందుకు చచ్చాయో తెలియాలి కదా" అని పట్టుబడుతుంది. కాదనకండి. పదకొండింటికి, గాలి పొరను అవతలికి తోసేయగా ఖాళీ అయిన ఇవతలి వైపు నిలబడి, పైపై నీరు ఒక కూల్‌డ్రింక్ సీసాలో పట్టండి. ఐసు పెట్టె అక్కర్లేదు, సీసా ఎండ తగిలేలా బండి ముందు పెట్టుకోండి. కొన ఊపిరితో ఉన్న చేపను ఇవ్వమంటారు, మీరు మూడు రోజులు కుళ్లిన దాన్ని ఇవ్వండి, వాసన బాగా తెలుస్తుంది. మైలుతుత్తం వేసిన సంగతి ఫారంలో రాయొద్దు. రిపోర్టులో ఏమీ తేలలేదని వస్తుంది. దాన్ని పిల్లకు చూపించి, సాయంత్రం చేపపిల్లల హేచరీకి అడ్వాన్సు పంపండి.